ఊపిరి బొమ్మకు మొగుడు

ఆ ఉదయం చేయాల్సిన పనులన్నీ చిట్టి ముందురోజే ఒక కాగితం మీద రాసి అద్దానికి అంటించింది. ఆరింటికి లేవడం, ఆరుంబావుకు ల్యాబు బొమ్మ విగ్గు చిక్కు తీయడం, ఏడున్నరకు బస్సు, ఎనిమిదింటికి ల్యాబు. ఆ కాగితం కింద మిగిలిన జాగాలో వాళ్ళాయన పెన్సిలుతో ఇంకో పని చేర్చాడు: "ఏడూ ఇరవైకి గుమ్మం దగ్గర మొగుడికి టాటా చెప్పడం. మరిచిపోతే బస్సు దొరకదు." పక్కనే చిన్న బస్సు బొమ్మ, అందులో కిటికీలోంచి చెయ్యి ఊపుతున్న రెండు జడల పిల్ల. ఆయన స్కూల్లో డ్రాయింగు మాస్టారు. పెళ్ళయి నలభై రెండు రోజులైంది. తల దువ్వుకుంటున్నంతసేపూ చిట్టి అద్దంలో తన మొహం కంటే ఆ బస్సునే ఎక్కువగా చూసుకుంది.

చిట్టి అన్నది ఇంట్లో పేరు. ఆస్పత్రిలో ఆమెను అందరూ బొమ్మ మేడమ్ అంటారు. అక్కడి ట్రైనింగు ల్యాబులో మంచం మీద నిలువెత్తు రబ్బరు బొమ్మ ఒకటి ఉంది. దాని ఛాతీలో రెండు తిత్తులు. నిజమైన వెంటిలేటర్ తెచ్చి తగిలిస్తే అవి నిజం ఊపిరితిత్తుల్లాగే ఉబ్బుతాయి, బిగుసుకుంటాయి, మొండికేస్తాయి. కొత్త డాక్టర్లూ నర్సులూ మనుషుల మీద చెయ్యి వేసేముందు చేయాల్సిన తప్పులన్నీ దాని మీద చేసి నేర్చుకుంటారు. అద్దం గోడకు అవతల చిన్న గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ బొమ్మకు ఏ పూట ఏ జబ్బు రావాలో నిర్ణయించేది చిట్టి. "మా ఆవిడ రోజుకు నలుగురికి ఊపిరి ఆపుతుంది, మళ్ళీ తనే తెప్పిస్తుంది" అని మాస్టారు కనబడ్డవాళ్ళందరికీ గర్వంగా చెప్పేవాడు. విన్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసేవారు.

ఆ రోజు మామూలు రోజు కాదు. బొమ్మను ఇక్కడే ఉంచాలా, రైల్లో పది గంటల దూరంలో ఉన్న పెద్ద ట్రైనింగు సెంటరుకు పంపేయాలా అన్నది తేల్చడానికి ఒక పరిశీలకుడు వస్తున్నాడు. ఆయన ఎదుట కొత్తవాళ్ళకు బొమ్మ మీద పెట్టే పరీక్ష బాగా జరిగితే బొమ్మ ఇక్కడే. లేకపోతే అక్కడికి. బొమ్మను నడపడం వచ్చింది ఒక్క చిట్టికే కాబట్టి, బొమ్మ ఎక్కడ ఉంటే చిట్టి అక్కడ. ఈ కబురు వచ్చిన రోజున ఆమె వంటగదిలో చల్లారిపోయిన కాఫీ గ్లాసు పట్టుకుని అరగంట నిలబడిపోయింది. మాస్టారు మాత్రం, "వెళ్తే వెళ్దువులే. సెలవులకు నేనే వస్తా. పది గంటల రైలంటే ఎన్ని బొమ్మలు వేసుకోవచ్చో తెలుసా?" అని నవ్వేశాడు. ఆ నవ్వు చిట్టికి ముల్లులా ఎక్కడో గుచ్చుకుంది. అయినా కొత్త పెళ్ళాం కదా, అలకలు పొదుపుగా వాడుకుంటోంది.

నాలుగు రోజులుగా ఇంట్లో రిహార్సలు కూడా నడిచింది. మాస్టారు హాల్లో చాప మీద బొమ్మగా పడుకునేవాడు. చిట్టి కాగితాలు పట్టుకుని చుట్టూ తిరిగేది.

"మీరు ఇరవై ఎనిమిదేళ్ళ ఇల్లాలు. ఆస్తమా ముదిరింది. గొంతులో గొట్టం వేశారు. మాట్లాడకూడదు."

"మరి దాహం వేస్తే?"

"గొంతులో గొట్టం ఉన్న మనిషికి మాట రాదండీ. గొట్టం చివర చిన్న బుడగ ఉంటుంది. అది ఉబ్బి దారి మూసేస్తుంది."

"మాట రాదంటే, పెళ్ళయిన మగాడిలా అన్నమాట."

"ఆస్తమా అంటే ఊపిరి అందకపోవడం అనుకుంటారు. అది కాదు. లోపలికి పోతుంది, బయటికే రాదు. ముందు వెళ్ళింది పూర్తిగా రాకముందే మెషీను ఇంకోటి తోసేస్తుంది. అలా మిగిలిపోయిందంతా పోగై గుండెను నొక్కేస్తుంది. అప్పుడు చేయాల్సిందల్లా కాస్త ఆగడం. లోపలున్నది బయటికి రానివ్వడం. అంతే."

"మరి అంత తేలికైతే పరీక్ష ఎందుకు?"

"కంగారులో ఎవరూ ఆగరండీ."

"మా స్కూల్లో సిలబసూ ఇంతే" అని మాస్టారు కళ్ళు మూసుకుని, రెండు నిమిషాల్లో గురక మొదలుపెట్టాడు. ఊపిరి బయటికి రాని పేషెంటు అంత గురక పెట్టకూడదని చిట్టి కాలితో మెల్లగా తట్టింది.

ఇదంతా బాగానే ఉంది. ఏడూ ఇరవైకి గుమ్మం దగ్గర టాటా కూడా అయింది. ఆ టాటా అనుకున్నదానికంటే నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టింది. బస్సు కోసం పరిగెత్తిన చిట్టి, చిక్కు తీశాక తడి పోలేదని మళ్ళీ బాల్కనీలో తీగకు నాలుగు క్లిప్పులతో తగిలించిన విగ్గును మరిచిపోయింది. ఇల్లాలి పాత్ర కదా, పరిశీలకుడు వస్తున్నాడు కదా అని ముందురోజే ఇంటికి తెచ్చి, తను వాడే షాంపూతోనే రుద్ది, తన తువ్వాలుతోనే తుడిచి ఆరేసింది. ల్యాబుకు వెళ్ళి, బొమ్మకు గొంతులో గొట్టం వేసి, బుడగ ఉబ్బించి, టేపు అంటించి, దుప్పటి కప్పి, వెనక్కి జరిగి చూస్తే ఇల్లాలి తల గుడ్డులా మెరిసిపోతోంది.

వెంటనే ఫోను చేసింది.

"ఏవండీ, విగ్గు!"

"ఇప్పుడే చూశా. పక్కింటావిడ కూడా చూసింది. బాల్కనీలోంచి ఎవరో తలకిందులుగా వేలాడుతున్నారని కేకేసింది."

"మీకు ఈ పూట మొదటి క్లాసు లేదుగా? పట్టుకొచ్చి బొమ్మ తలకు పెట్టేసి వెళ్ళిపోండి. పరీక్ష పదింటికి. అప్పటిదాకా గదిలో ఎవరూ ఉండరు. ఎవరైనా కనబడ్డా ఎక్కువ మాట్లాడకండి."

"నేనెప్పుడు ఎక్కువ మాట్లాడాను?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే టైము లేక చిట్టి ఫోను పెట్టేసింది.

తొమ్మిదింబావుకల్లా పరిశీలకుడు అద్దం గోడ వెనక గదిలోకి వచ్చి కూర్చున్నాడు. సన్నటి పెద్దమనిషి. జేబులో ఒకే పొడవున చెక్కిన మూడు పెన్సిళ్ళు. ల్యాబు పెద్ద డాక్టరమ్మ ఆయన్ని చిట్టికి అప్పజెప్పి, వార్డులో నిజం పేషెంటుకు బాగోలేదని కబురొస్తే పరిగెత్తింది. వెళ్తూ వెళ్తూ, "నువ్వున్నావుగా" అంది. ఆ మాట ధైర్యం చెప్పడమో, బరువు దించుకోవడమో చిట్టికి తేలలేదు.

"పరీక్షకు రావాల్సిన ముగ్గురూ వచ్చేశారుగా. పది దాకా ఎందుకు? మొదలుపెట్టేద్దాం" అన్నాడు పరిశీలకుడు.

"సార్, ఒక్క పావుగంట…"

"పేషెంటు మన టైము చూసుకుని జబ్బు పడడమ్మా. ఫోన్లు ఈ బుట్టలో వేయండి. మధ్యలో మోగితే నాకు చిరాకు."

ఫోను బుట్టలో పడింది. చిట్టి గుండె కూడా దానితోపాటే పడింది.

పరీక్ష రాసేవాళ్ళు ముగ్గురు: ఒక పొడుగు డాక్టరు, ఒక కళ్ళద్దాల డాక్టరమ్మ, ఎవరు ఏమన్నా ముందు చేతులు కడుక్కుని గానీ జవాబు చెప్పని ఒక నర్సమ్మ. వాళ్ళ ఎదుట గోడ మీద పెద్ద డాక్టరమ్మ రాయించిన రూల్సు ఉన్నాయి. గదిలో ఉన్నదంతా నిజం. గదిలోకి వచ్చిన ప్రతి ఒక్కరూ పేషెంటు తాలూకు మనుషులే. 'చాలు' అనే మాట వినబడేదాకా ఆగకూడదు. ఈ రూల్సు ఉత్తుత్తివి కావని ముగ్గురికీ అనుభవమే. కిందటి నెల పరీక్ష మధ్యలో గది తుడిచే అక్క బకెట్టుతో వస్తే, "తర్వాత రండి అక్కా" అని పంపేశారు. ఆ అక్క పేషెంటు అత్తగారని, ఆమెను నాలుగు ముక్కలు అడిగి ఉంటే జబ్బు సంగతి బయటపడేదని పెద్ద డాక్టరమ్మ తర్వాత తేల్చింది. ముగ్గురూ తప్పారు. ఆ రోజునుంచి పొడుగు డాక్టరు గదిలోకి ఈగ వచ్చినా అనుమానంగా చూస్తున్నాడు.

"ఇరవై ఎనిమిదేళ్ళ ఆవిడ" అని కాగితం చదివి, బొమ్మ తల వైపు చూశాడు. "జుట్టు లేదేమిటి?"

"గదిలో ఉన్నదంతా నిజం" అంది కళ్ళద్దాల డాక్టరమ్మ గొంతు తగ్గించి. "గుర్తుపెట్టుకో. ఎందుకో ఉంటుంది."

అలారం మోగింది. వెంటిలేటర్ మీద ఒత్తిడి అంకె ఎర్రగా వెలిగింది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని మాస్టారు వచ్చాడు, చంకలో తువ్వాలు చుట్ట, ఆ చుట్టలోంచి జారి మోకాలిదాకా వేలాడుతున్న నల్లటి జుట్టు.

అద్దం అవతల చిట్టి లేచి నిలబడింది. పరిశీలకుడు ఆమె వైపు చూశాడు. చిట్టి కూర్చుంది.

"ఎవరండీ మీరు?" అన్నాడు పొడుగు డాక్టరు.

ఎవరూ ఉండరన్న గదిలో ముగ్గురున్నారు. మెషీను గీ పెడుతోంది. మాస్టారుకు సంగతి అర్థమైపోయింది. పరీక్ష ముందే మొదలైపోయింది. ఇప్పుడు తను విగ్గు ఇచ్చి, సారీ చెప్పి వెళ్ళిపోతే పరీక్ష పాడవుతుంది. పాడైతే బొమ్మ పోతుంది, బొమ్మతో పాటు… ఆయన అద్దం వైపు చూశాడు. ఇటు వైపునుంచి అందులో తన మొహమే కనబడుతుంది.

"నేనా? భర్తనండీ" అన్నాడు. అది అబద్ధం కాదు.

"కూర్చోండి, కూర్చోండి" అని కళ్ళద్దాల డాక్టరమ్మ స్టూలు లాగింది. ఇంత తొందరగా తాలూకు మనిషి దొరికినందుకు ఆమె మొహం వెలిగిపోయింది. "ఆ జుట్టు ఎవరిది?"

"ఈవిడదేనండీ. పొద్దున్న ఇంట్లో మరిచిపోయారు. తలకు పెట్టేసి వెళ్ళిపోదామని వచ్చాను."

డాక్టర్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బోడి తల. విగ్గు తెచ్చిన భర్త. చిక్కుముడి విడిపోయినట్టు పొడుగు డాక్టరు వేళ్ళు చిటికె వేశాయి.

"అంతా రాలిపోయిందా పాపం? ఎన్నాళ్ళయింది మొదలై?"

మాస్టారు తలలో ఆ పూట ఒకే ఒక అంకె తిరుగుతోంది. "నలభై రెండు రోజులండీ" అన్నాడు.

"కాన్సరు! మందులు ఎక్కిస్తున్నారు, అందుకే జుట్టు రాలింది. అంటే ఒంట్లో శక్తి లేదు. అంటే ఇన్ఫెక్షను ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆస్తమా అని రాసింది మనల్ని దారి తప్పించడానికే!"

అద్దం అవతల పరిశీలకుడు కాగితం తిరగేశాడు. "ఇందులో కాన్సరు ఎక్కడుందమ్మా?"

 ఆయన మా ఆయనండీ, విగ్గు తేవడానికి వచ్చారండీ అనాలి. అంటే అక్కడితో అయిపోతుంది. పది గంటల రైలు కళ్ళముందు కూత వేసింది. "లేదండీ. ఉన్నట్టు అనిపించాలని. అసలు జబ్బు ఆస్తమానే" అంది.

"ఓహో" అని ఆయన మొదటి పెన్సిలు తీశాడు.

లోపల పొడుగు డాక్టరు రక్తం రిపోర్టు అడిగాడు. వాళ్ళను ఎలాగైనా దారిలోకి తెద్దామని చిట్టి రక్తంలో అన్నీ మామూలుగా ఉన్నట్టు టైపు చేసి తెర మీదికి పంపింది. కళ్ళద్దాల డాక్టరమ్మ దాన్ని రెండుసార్లు చదివింది.

"కాన్సరు మందులు ఎక్కిస్తున్న మనిషికి ఇంత బాగా ఎలా ఉంటాయి? ఇది వేరే పేషెంటు రిపోర్టు. మారిపోయింది. ఇదీ పరీక్షే!"

"భలే పట్టావు!" అన్నాడు పొడుగు డాక్టరు.

చిట్టి తల పట్టుకుంది. పక్కన పెన్సిలు గీస్తూనే ఉంది.

ఈలోపు బొమ్మకు ఆక్సిజను పడిపోతోంది. పడిపోతోందని పొడుగు డాక్టరు వెంటిలేటర్ వేగం పెంచాడు. నిమిషానికి పద్దెనిమిది ఊపిర్లు ఉన్నది ఇరవై ఆరు చేశాడు. ఇంకా పడితే ముప్ఫై చేశాడు. తోసిన ఊపిరి తోసినట్టే లోపల పోగవుతోంది. బొమ్మ ఛాతీ లేచిందే గానీ దిగడం లేదు. నర్సమ్మ ఒకసారి, "సార్, కొంచెం…" అంది. "ఒక్క నిమిషం నర్సమ్మా" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

కళ్ళద్దాల డాక్టరమ్మ భర్త ఎదురుగా ఇంకో స్టూలు వేసుకుంది. తాలూకు వాళ్ళతో ఎలా మాట్లాడాలో పుస్తకంలో చదివింది. ఎదుటి మనిషి ఎత్తులో కూర్చోవాలి. వాళ్ళకు ఏం తెలుసో ముందు అడగాలి. అడిగాక ఆగాలి.

"మీకు ఇంతవరకూ ఏం తెలుసో చెప్పండి."

మాస్టారు విగ్గును ఒళ్ళో పెట్టుకుని నిమిరాడు. "పెద్దగా ఏమీ తెలీదండీ. ఇవాళ తేలిపోతుందని మాత్రం చెప్పారు."

"ఏం తేలిపోతుందని?"

"ఉంటుందా, వెళ్ళిపోతుందా అని."

పుస్తకంలో దీని తర్వాతి మాట ఏమిటో డాక్టరమ్మకు గుర్తు రాలేదు. అందుకని సొంతంగా అడిగింది. "మీరేమనుకుంటున్నారు?"

"నేనా? నాలుగు రోజులనుంచీ నవ్వుతూనే తిరుగుతున్నానండీ. నేను దిగులు పడితే తను ఇంకా దిగులు పడుతుందని. సెలవులకు వస్తానన్నాను, రైల్లో బొమ్మలు వేసుకుంటానన్నాను. అసలు నాకు కదిలే బండిలో గీత తిన్నగా రాదు." ఆయన విగ్గులో ఒక చిక్కు విడదీశాడు. "ఒక్కడినీ చాలాకాలం ఉన్నానండీ. బాగానే ఉన్నాను. ఎలా ఉన్నానో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు."

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అది సరిపోలేదు. విగ్గు చుట్టి తెచ్చిన తువ్వాలు మొహానికి పెట్టుకుని, వంగి, నిజంగానే ఏడవడం మొదలుపెట్టాడు.

చిట్టి ఆ మనిషిని నవ్వగా చూసింది, తుమ్మగా చూసింది, గురక పెట్టగా చూసింది. ఏడవగా చూడలేదు. నాలుగు రోజులుగా తనను గుచ్చిన ముల్లు ఏమిటో, అది ఎంత పిచ్చిదో ఆ ఒక్క క్షణంలో తెలిసిపోయింది. ఎదురుగా బల్ల మీద ఎర్ర బటన్ ఉంది. అది నొక్కి మాట్లాడితే మాట బొమ్మ నోట్లోంచి వస్తుంది. మామూలు పేషెంటు పాత్రలకు రోజూ వాడేదే. గొట్టం వేసిన పేషెంటుకు వాడకూడదు. చిట్టికి ఆ పూట అది గుర్తు లేదు. వేలు బటన్ మీదికి వెళ్ళిపోయింది.

"ఏవండీ, ఏడవకండి" అంది బొమ్మ.

పొడుగు డాక్టరు చేతిలో ఉన్నది కింద పడింది. మాస్టారు మాత్రం ఉలిక్కిపడలేదు. తువ్వాలు దించి, బొమ్మ వైపు వంగాడు.

"నువ్వు వెళ్ళిపోతే నేనేం చెయ్యను?"

"వెళ్ళను. ఎక్కడికీ వెళ్ళను."

"అది నీ చేతుల్లో ఉందా?"

"లేదు. అయినా వెళ్ళను. ముందే ఎందుకు చెప్పలేదు మీరు? నేను లేకపోయినా మీకేం ఫరవాలేదేమో అనుకున్నాను."

"ఎంత మాటన్నావే!"

కళ్ళద్దాల డాక్టరమ్మ కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పరిశీలకుడు మెడ సాచి, "గొంతులో గొట్టం ఉండగా మాట ఎలా వస్తోందమ్మా?" అన్నాడు. అదే ప్రశ్న అదే క్షణంలో లోపల పొడుగు డాక్టరుకూ వచ్చింది.

"మాట్లాడుతోంది! మాట వచ్చిందంటే గొట్టం జారిపోయినట్టే. పీకేసి కొత్తది వేద్దాం!" అని బొమ్మ నోటి దగ్గర టేపు మీద చెయ్యి వేశాడు.

గొట్టం ఎక్కడికీ జారలేదు. దాని చివర బుడగ ఉబ్బి ఉంది. దాంతోసహా లాగితే బొమ్మ గొంతు చిరుగుతుంది. కిందటిసారి చిరిగితే కొత్త గొంతు రావడానికి అయిదు నెలలు పట్టింది. చిట్టి కుర్చీ వెనక్కి పడేసి పరిగెత్తింది.

"ఆగండి! చెయ్యి తీయండి ముందు!"

పొడుగు డాక్టరు చెయ్యి తీశాడు. చిట్టిని అతను రోజూ చూస్తాడు. కానీ గది తుడిచే అక్కను కూడా రోజూ చూసేవాడు. గోడ మీద రూల్సు వైపు ఒకసారి చూసి జాగ్రత్తగా అడిగాడు.

"మేడమ్, మీరు ఇప్పుడు ఎవరు?"

"ఎవరేమిటి? ఈయన భార్యని!"

 కళ్ళద్దాల డాక్టరమ్మ చిట్టిని చూసింది. మంచం మీదున్న బోడి తలను చూసింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని మాస్టారును చూసింది. ఇందాకటి తడి ఆ కళ్ళలో లేదు.

"మరి ఈవిడ?"

"ఈవిడ… ఈవిడ కూడా మరి…" అని మాస్టారు విగ్గును గట్టిగా పట్టుకున్నాడు.

"ఇంతసేపూ ఏడ్చింది ఎవరికోసమండీ మీరు?"

"ఈవిడ కోసమే" అని చిట్టిని చూపించాడు.

"అంగీకార పత్రం మీద సంతకం ఎవరిచేత పెట్టించాలి ఇప్పుడు?" అన్నాడు పొడుగు డాక్టరు నీరసంగా. "మేడమ్, మీ పెళ్ళి ఎప్పుడైంది?"

"నలభై రెండు రోజులైంది. ఎందుకు?"

కళ్ళద్దాల డాక్టరమ్మ స్టూలు మీదనుంచి లేచింది. "అంటే ఈవిడకు మందులు మొదలుపెట్టిన రోజే మీరు వెళ్ళి ఇంకో పెళ్ళి చేసుకున్నారా? మనిషేనా అండీ మీరు? ఆ తల మీద జుట్టు రాలుతుంటే…"

"తప్పేనండీ" అన్నాడు మాస్టారు. ఆ పూట అన్నిటికీ ఒప్పుకోవడమే క్షేమమని ఆయన ఎప్పుడో తేల్చుకున్నాడు.

"ఎందుకు తప్పంటారు? మీరేం తప్పు చేశారని!" అని చిట్టి మొగుడి మీద లేచింది.

అప్పుడు అలారం ఆగిపోయింది.

అందరూ తిరిగి చూశారు. నర్సమ్మ చేతులు కడుక్కుని వచ్చి, ఎవర్నీ అడక్కుండా అలారం నొక్కేసి, వెంటిలేటర్ పైపును గొట్టం నుంచి ఊడదీసింది. రెండు అరచేతులూ బొమ్మ ఛాతీకి అటూ ఇటూ ఆనించి మెల్లగా నొక్కుతోంది. గొట్టంలోంచి గాలి పొడుగ్గా, సన్నగా, ఎంతకీ తరగనట్టు బయటికి వస్తోంది.

"మీ గొడవ తర్వాత తేల్చుకోండి" అంది నర్సమ్మ తల ఎత్తకుండా. "ఇందాకటినుంచీ ఈవిడకు లోపలికి తోసేవాళ్ళే గానీ, బయటికి రానిచ్చినవాళ్ళు లేరు. ఆస్తమా అని కాగితం మీద రాసే ఉంది కదా సార్. కాస్త ఆగండి. అందరూ కాస్త ఆగండి."

అందరూ ఆగారు. ఆ గాలి వెళ్ళిపోతున్న చప్పుడు వింటూ అయిదుగురు మనుషులు బొమ్మ చుట్టూ నిలబడ్డారు. ఛాతీ దిగింది. తెర మీద అంకెలు ఒక్కొక్కటే ఎరుపు వదిలి పచ్చబడ్డాయి. కంప్యూటర్ ముందు నడిపే మనిషి లేకపోయినా ఆ తిత్తులకు వాటి ధర్మం తెలుసు. నర్సమ్మ పైపు మళ్ళీ తగిలించి, నిమిషానికి పది ఊపిర్లకు తగ్గించింది. ఒక్కో ఊపిరికీ మధ్య ఎంత ఖాళీ ఉందో అప్పుడు గానీ ఎవరికీ తెలియలేదు. మాస్టారు ఆ ఖాళీల్లో మెల్లగా చిట్టి చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళద్దాల డాక్టరమ్మ అది చూసి మొహం తిప్పుకుంది.

"చాలు" అన్నాడు పరిశీలకుడు గుమ్మంలోంచి. మూడో పెన్సిలు కూడా అరిగిపోయింది.

చిట్టి పరిశీలకుడి దగ్గరికి వెళ్ళింది. అబద్ధం చెప్పి నెగ్గడం ఆమెకు చేతకాదు. 

"సార్, ఒక మాట. ఈయన నిజంగానే మా ఆయన. విగ్గు ఇవ్వడానికి వచ్చారు. కాన్సరు నేను కల్పించింది కాదు, దానంతటదే వచ్చింది. నేను లోపలికి రావడం కూడా కథలో లేదు."

పరిశీలకుడు ఆమెను ఆప్యాయంగా చూశాడు. "నేను చాలు అన్నానమ్మా. ఇంక నటించక్కర్లేదు."

"నటన కాదండీ. మా పెళ్ళయి నలభై రెండు రోజులు…"

"పాత్రలోంచి చప్పున బయటికి రాలేరు కొందరు. మంచి లక్షణమే" అని, బుట్టలోంచి తన ఫోను తీసుకుని వెళ్ళిపోయాడు.

ల్యాబు ఖాళీ అయ్యాక ఇద్దరూ మంచానికి చెరో పక్క నిలబడి బొమ్మకు విగ్గు పెట్టారు. మాస్టారు పాపిట తీశాడు. గీత తిన్నగా వచ్చింది. పరీక్ష పోయిందని ఇద్దరికీ ఖాయంగా తెలుసు. అయినా చిట్టికి లోపల ఎక్కడో తేలిగ్గా ఉంది, దానికి సిగ్గుగా కూడా ఉంది.

"నవ్వుతూ తిరిగారే ఇన్నాళ్ళూ!"

"మరి ఇద్దరం ఏడుస్తూ కూర్చుంటే వంట ఎవరు చేస్తారు?"

"ఇకనుంచి ఏడుపొస్తే చెప్పండి. వంట మాని ఇద్దరం ఏడుద్దాం."

"సరే. వారానికి ఒక పూట పెట్టుకుందాం. ఏ పూటన్నది నువ్వు చెప్పు, కాగితం మీద రాసిపెడతాను" అన్నాడు మాస్టారు.

ఎనిమిది రోజులు గడిచాయి. చిట్టి ప్రయాణానికని ఒక పెట్టె దించి దుమ్ము దులిపింది. మాస్టారు దాన్ని రోజూ అటక మీద పెట్టేసేవాడు, ఆమె మళ్ళీ దించేది. కళ్ళద్దాల డాక్టరమ్మకు అసలు సంగతి రెండుసార్లు చెప్పారు. నమ్మానంది. అయినా బస్టాపులో మాస్టారు కనబడితే, నమస్కారానికి బదులు, "ఎలా ఉంది ఆవిడకి?" అని చల్లగా అడిగి బస్సెక్కేసేది.

తొమ్మిదో రోజున రిపోర్టు వచ్చింది. పెద్ద డాక్టరమ్మ దాన్ని ల్యాబులో నిలబడి అందరికీ చదివి వినిపించింది. ఇంత లోతైన పరీక్ష పరిశీలకుడు తన ఉద్యోగంలో చూడలేదట. జబ్బు ఒకటుండగా విగ్గుతో ఇంకో జబ్బు వైపు లాగడం, మామూలుగా ఉన్న రిపోర్టును కూడా అనుమానించేలా చేయడం గొప్ప ఆలోచనట. గొట్టం ఉన్న పేషెంటు నోట మాట పలికించడం సాహసమట. ఇక రెండో భార్య ప్రవేశమైతే, మనుషుల గోలలో మంచం మీది మనిషిని మరిచిపోతామన్న పాఠాన్ని అంత సహజంగా ఇంకెవరూ చెప్పలేరట. నర్సమ్మను ఇకమీదట మిగతావాళ్ళకు పాఠం చెప్పడానికి పిలవాలట. బొమ్మను ఇక్కడినుంచి కదల్చకూడదు. బొమ్మ మేడమ్‌ను అసలే కదల్చకూడదు. ఇదే కథను ప్రతి నెలా ఆడించాలి.

చిట్టి నవ్వుతూ, ఏడుస్తూ, రెండూ కలిపి చేస్తూ కాగితం లాక్కుని ఇంటికి పరిగెత్తింది. మాస్టారు గుమ్మంలోనే నిలబడి మొదటినుంచీ చివరిదాకా చదివాడు. మళ్ళీ మొదటికి వచ్చాడు. పేజీ తిప్పితే వెనకవైపు అడుగున, పెన్సిలుతో, సూచన అని ఒకే ఒక్క వాక్యం ఉంది.

"భర్తగా వేసిన మనిషి ఏడుపు బొత్తిగా నమ్మేలా లేదు, వచ్చే నెలకు ఇంకొకరిని చూసుకోగలరు."